మెల్లగా మాస్టారు

మా మెల్లగా మాస్టారికి ఈ లోకంలో పడనిది ఒక్కటే, కుదుపు. ఎవరైనా అబద్ధమాడినా ఊరుకుంటారు, తన గొడుగు ఎత్తుకుపోయినా ఊరుకుంటారు. ఎదురుగా కూర్చుని కాలు ఊపితే మాత్రం ఆ కాలు ఆగేదాకా ఆయనకి ఊపిరాడదు. "మెల్లగా, మెల్లగా" అంటూ రెండు అరచేతులూ గాలిలో కిందికి దించుతారు, పసిపిల్లని జోకొడుతున్నట్టు. ఆ మాటే ఆయనకి పేరైపోయింది. అసలు పేరు మాలో ఎవరికీ గుర్తులేదు. ఆయనకి గుర్తుందో లేదో కూడా నాకు అనుమానమే.

మేం పనిచేసేది బాక్టీరియా మీద పరిశోధనలు జరిగే చోట. పొడుగాటి నడవా, రెండు వైపులా గదులు, అన్ని గదుల్లోనూ పులిసిన పిండి వాసన. నడవా చివరి గది మాస్టారిది, దాని పక్కది నాది. నేను శాస్త్రవేత్తని కాను, బాక్టీరియాకి వండిపెట్టే మనిషిని. చక్కెర, లవణాలు, ప్రొటీన్ పొడి కొలతగా కలిపి, పెద్ద కుక్కర్లలో ఉడికించి, సీసాల్లో పోస్తాను. అందుకే నా గది వంటగది, నేను వంటగది అక్కయ్యని. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకపోతే ఒక్క మాట, నా చేతివంటకి వంక పెట్టిన బాక్టీరియా ఇంతవరకు లేదు, ఒక్కటి తప్ప. దాని సంగతికి వస్తాను.

మాస్టారి పని బాక్టీరియా క్రోమోజోముల్ని కొలవడం. చేరిన కొత్తలో తెలియక అడిగాను.

"కంటికే కనపడని జీవి కదా మాస్టారూ, దాన్లో కొలవడానికి ఏముంటుంది?"

"అదే తమాషా చెల్లాయ్! దాని కడుపులో డీఎన్ఏ అని ఒక దారం ఉంటుంది. విప్పి పరిస్తే ఆ జీవికన్నా దాదాపు వెయ్యి రెట్లు పొడుగు. ఒక్కో దాంట్లో ఒక్కో పొడుగు."

"ఒకే జాతిలో కూడానా?"

"ఒకే ఇంటి అన్నదమ్ముల్లో కూడా! ఒకడిది పొడుగు, ఇంకొకడిది పొట్టి. ఒకడు దారమంతా ఒకే కండెగా చుట్టి పెట్టుకుంటాడు, వాడి తమ్ముడు అదే దారాన్ని రెండు కండెలు చేసుకుంటాడు. ఎందుకలా అని తెలుసుకోవడానికే ఈ పాట్లన్నీ."

"మరి కుదిపితే ఏమవుతుంది?"

అడగకుండా ఉండాల్సింది. ఆయన నా చేతిలోని సీసా అందుకుని, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకున్నారు.

"తెగిపోతుంది" అన్నారు. అయినవాళ్ళెవరో పోయిన కబురు చెప్పినట్టు చెప్పారు.

అందులో నిజం లేకపోలేదు. ఆయన పని నేర్చుకున్న కాలంలో డీఎన్ఏని నీళ్ళలోనే ఉంచేవారట. నీళ్ళలో తేలే ఆ దారం గట్టిగా కుదిపితే ముక్కచెక్కలైపోతుంది. నెలల కష్టం ఒక్క చేతి విసురుకి మట్టిపాలు. అప్పుడు పట్టుకుంది ఆయనకి ఈ చాదస్తం. పని బల్ల దగ్గర పట్టుకున్నది అక్కడే ఉంటే బాగుండేది. మాస్టారు దాన్ని ఇంటికీ వీధికీ కూడా తీసుకెళ్ళారు.

కాఫీలో చెంచా తిప్పరు. చక్కెర వేసి, కప్పుని కాస్త ఇటు వంచి, కాస్త అటు వంచి, అలా చూస్తూ కూర్చుంటారు.

"చల్లారిపోతోంది మాస్టారూ, ఒక్కసారి తిప్పండి."

"దానంతటదే కరుగుతుంది. తొందరపెట్టకు."

అది కరిగేలోగా మేం తాగేసి, కప్పులు కడిగి బోర్లించి, ఎవరి పనిలో వాళ్ళం పడేవాళ్ళం. ఆయన వేడి కాఫీ తాగగా చూసినవాళ్ళు లేరు.

ఇక స్కూటర్. రోడ్డు మీద మిట్ట కనపడితే దిగి, బండిని చేత్తో దాటించి, మళ్ళీ ఎక్కుతారు. వీధికుక్కలు మొదట్లో అలవాటుకొద్దీ మొరుగుతూ వెంటపడేవి. కొన్నాళ్ళకి వాటికే మొహమాటమేసి పక్కన నడవడం మొదలుపెట్టాయి. ఒకసారి నాకు బస్సు తప్పిపోయి ఆయన వెనక కూర్చున్నాను. సగం దూరం వెళ్ళాక నావల్ల కాక దిగేసి, నడిచి ఆఫీసు చేరి, కుక్కర్ ఎక్కించాను. మాస్టారు వచ్చి నన్ను చూసి బిత్తరపోయారు.

"నువ్వెప్పుడు దిగావు?"

"మీరు జోస్యం చిలకలా ప్రతి గుంతకీ ఆగి ఆలోచిస్తున్నారే, అప్పుడు!"

"పడిపోయావేమో అనుకున్నా."

"పడాలంటే బండి కదలాలిగా మాస్టారూ."

ఒకరోజు ఆయన భార్య మా వంటగదికి వచ్చి కుర్చీలో కూలబడింది. ఆయన నన్ను చెల్లాయ్ అంటారు కాబట్టి ఆవిడ నాకు వదిన.

"ఏంటి వదినా, అలా ఉన్నావు?"

"మీ అన్నయ్యకి దగ్గు. మందు రాసిచ్చారు."

"తగ్గలేదా?"

"తాగితేగా! సీసా మీద 'బాగా కుదిపి తాగండి' అని రాసుంది. నిన్నంతా దాన్ని ఎదురుగా పెట్టుకుని దగ్గుతూ కూర్చున్నారు."

"నువ్వు కుదిపి ఇవ్వొచ్చుగా?"

"ఆయన చూస్తుండగానా? ఇవాళ్టి నుంచి పక్కింటికి పట్టుకెళ్ళి కుదిపి తెస్తున్నాను. ఆ ఇంటాయన అడిగాడు, 'ఏమ్మా, మీ ఇంట్లో కుదపడానికి చోటు లేదా?' అని. ఏం చెప్పమంటావు!"

ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. గోడ అవతల నుంచి "మెల్లగా!" అని వినపడింది.

మా నడవా అంతా ఆయన రాజ్యాంగం కిందే నడిచేది. తోపుడుబళ్ళ చక్రాలకి ఆయనే గుడ్డలు చుట్టారు. తలుపు వేసేటప్పుడు చేత్తో పట్టుకుని, చివర్లో వేలు అడ్డుపెట్టి వేయాలి. తుమ్ము వచ్చేలా ఉంటే మెట్ల దాకా వెళ్ళి తుమ్మి రావాలి. మా డైరెక్టర్ గారు భారీ మనిషి, అడుగు వేస్తే కిటికీ అద్దాలు గలగలమంటాయి. అంతటివారు మాస్టారి గది దగ్గరకి రాగానే బూట్లు విప్పి చేత పట్టుకుని, ఆ గది దాటాక తొడుక్కునేవారు. చూసినవాళ్ళు ఎవరింట్లోనో దొంగతనానికి వచ్చాడనుకుంటారు.

అలాంటి గదికి ఒక కొత్తమ్మాయి పరిశోధనకి వచ్చింది. చురుకైన పిల్ల, పని అంటే ప్రాణం. చిక్కల్లా ఒక్కటే. ఆమె చేతులు వణుకుతాయి. చిన్నప్పటి నుంచీ అంతేనట, నరాల తీరే అంత అని డాక్టర్లు తేల్చేశారట. ఎవరైనా తొందరపెట్టినా, ఎవరైనా చూస్తున్నారనిపించినా ఇంకాస్త ఎక్కువవుతుంది. అప్పటికే ఒకటి రెండు చోట్ల "ఈ చేతులతో ఈ పనేంటమ్మా" అని మర్యాదగా సాగనంపారు. ఇక్కడ ఏడాది గడువు ఇచ్చారు. ఏడాది చివర సమీక్షలో ఆమె పని నిలబడితే ఉంటుంది, లేదంటే ఈ చదువుకీ ఈ పనికీ సెలవు చెప్పి ఇంటికి పోవడమే.

సంగతి విని ఆ పిల్లని పక్కకి పిలిచాను.

"పిల్లా, ఇంత పెద్ద భవనంలో నీకు ఇంకో గది దొరకలేదా?"

"నాకు కావలసిన పని ఇక్కడే ఉందక్కా" అంది, చేతులు కొంగుచాటున పెట్టుకుని.

ఆ మొదటి రోజు మేమెవ్వరం పని చేయలేదు. అరుపు ఎప్పుడు వినపడుతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాం. మధ్యాహ్నం వినపడింది. పరిగెత్తాం, అంటే మా నడవాలో పరిగెత్తగలిగినంత. తీరా చూస్తే మాస్టారు కిటికీ రెక్క బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి మీద అరుస్తున్నారు. అమ్మాయి పక్క బల్ల దగ్గర తన పని తాను చేసుకుంటోంది. చేతిలో గాజు గొట్టాలు ఒకదానికొకటి తగిలి టిక్ టిక్ మంటున్నాయి.

ఆ టిక్ టిక్ రోజూ నా గదిలోకి స్పష్టంగా వినపడేది. పక్క వీధిలో ఎవరైనా కుర్చీ జరిపితే ఉలిక్కిపడే మాస్టారికి అది వినపడలేదంటే ఎవరు నమ్ముతారు? వినపడేది. వినపడగానే నా మీద అరిచేవారు.

"చెల్లాయ్, ఏంటా చప్పుడు?"

"నేను కాదు మాస్టారూ, మీ గదిలోనే..."

"గరిటె కాస్త మెల్లగా పెట్టు తల్లీ!"

నా చేతిలో గరిటె ఉంటేగా! నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ అమ్మాయి వచ్చాక ఆయన చాదస్తం పాకాన పడింది కూడా. ఆమె పనిలో ఉన్నప్పుడు ఇంకెవరూ గదిలోకి రాకూడదు. కొంచెం త్వరగా కానివ్వండి అన్న మాట నడవాలో ఎవరి నోటా రాకూడదు. గబగబా పనిచేసే కుర్రాళ్ళని కూర్చోబెట్టి, గొట్టం ఎంత తీరిగ్గా ఎత్తాలో, ఎంత తీరిగ్గా దించాలో పాఠాలు చెప్పేవారు. ముసలాయనకి మతి పోతోందని మేం గుసగుసలాడుకున్నాం.

అమ్మాయి పట్టుకున్న పని మాత్రం భలే పని. దగ్గరి బంధువులైన బాక్టీరియా రెండు తీసుకుంది. ఒకటి మట్టిలో బతికేది, దాన్ని అన్న అనేది. ఇంకొకటి ఒక పురుగు పొట్టలో కాపురం పెట్టినది, అది తమ్ముడు. రెండింటి దారాలూ కొలవాలి. ఇప్పుడు ఆ కొలతలు నీళ్ళలో చేయరు. బాక్టీరియాని వెచ్చటి జెల్లీలో కలిపి చిన్న చిన్న బిళ్ళలుగా గడ్డ కట్టిస్తారు. బిళ్ళల్ని మందునీళ్ళలో నానబెడితే బాక్టీరియా ఒళ్ళంతా కరిగిపోయి, దారం మాత్రం జెల్లీలో మిగులుతుంది. దాన్ని కొన్నిచోట్ల మాత్రమే కోసే ఎంజైముతో కోసి, పెద్ద జెల్లీ పలకలో అమర్చి, కరెంటుని కాసేపు ఇటూ కాసేపు అటూ మళ్ళిస్తుంటే, ముక్కలు పొడుగుని బట్టి గీతలు గీతలుగా విడిపోతాయి. ఆ ముక్కల పొడుగులన్నీ కలిపితే మొత్తం దారం పొడుగు తేలుతుంది.

తేలింది. తమ్ముడి దారం అన్న దారం కన్నా పావు వంతు తక్కువ!

ఆ పూట అమ్మాయి నా వంటగదికి వచ్చి, పట్టలేని సంతోషంతో చెప్పింది.

"పురుగు పొట్టలో దానికి అన్నీ అమర్చి ఉంటాయక్కా. సొంతంగా చేసుకునే పని లేదు. అక్కర్లేని జన్యువుల్ని తరతరాలుగా పోగొట్టుకుంటూ వచ్చినట్టుంది."

"అదా సంగతి! అందుకే నా మామూలు వంట అది ముట్టదు. అమైనో ఆమ్లాలు విడిగా కలిపి బతిమాలితే గానీ పెరగదు. కూర్చున్నచోటికి తిండి వచ్చే ఇంట్లో పెరిగిన మొహం!"

అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక అంది, "ఇది తప్పని తేలితే నన్ను పంపేస్తారక్కా."

సమీక్ష రోజు పెద్ద గదిలో అందరం కూర్చున్నాం. ముందు వరసలో డైరెక్టర్ గారు, ఆ పక్కన మాస్టారు. అమ్మాయి తెర మీద గీతలు చూపిస్తూ చెబుతోంది. చేతిలోని లేజర్ లైటు ఎర్ర చుక్క గీత మీద నిలవకుండా పైకీ కిందకీ గెంతుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు. చుక్క ఇంకా ఎక్కువ గెంతింది. ఆ నవ్వినవాడి తల మీద కుక్కర్ మూత వేయాలనిపించింది నాకు.

చెప్పడం పూర్తయ్యాక డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, నిదానంగానే మాట్లాడారు.

"అమ్మా, నీ తెలివి మీద నాకు సందేహం లేదు. నా సందేహమల్లా తగ్గిన ఆ పావు వంతు మీదే. అది నిజంగా లేదా, లేక నీ చేతిలో తెగి, చిన్న ముక్కలై, పలక దాటి కొట్టుకుపోయిందా?"

అమ్మాయి ఏదో చెప్పబోయింది. చెప్పలేక చేతిలోని లైటు బల్ల మీద పెట్టేసింది.

"నేను సొంతంగా అంటున్న మాట కాదమ్మా ఇది. మన మాస్టారే కదా అంటారు, తలుపు వేస్తే తెగుతుంది, తుమ్మితే తెగుతుంది అని! నేను ఇన్నేళ్ళుగా బూట్లు చేత పట్టుకుని తిరుగుతున్నాను. తలుపు చప్పుడుకే తెగే దారం ఈ చేతుల్లో నిలిచిందంటే ఎలా నమ్మమంటావు?"

మాస్టారి మాటే తిరిగి వచ్చి ఆ పిల్ల మెడకి చుట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మాస్టారు మొదట కూర్చున్నచోటి నుంచే జవాబు చెప్పారు.

"తెగితే గీతలు ఉండవు సార్, పొగ పట్టినట్టు అలుక్కుపోతుంది. ఇవి చక్కటి గీతలు. అయినా అన్నగారి బిళ్ళలు కూడా ఈ చేతులే చేశాయి. అన్నగారి దారం నిలిచి తమ్ముడిదే తెగిందా? వణుక్కి మొహం చూసి కోయడం కూడా వచ్చా?"

"అదృష్టం కావచ్చు కదా మాస్టారూ. అటూ ఇటూ వద్దు, ఒక్క మాట చెప్పండి. కుదిపితే తెగుతుందా, తెగదా?"

మాస్టారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడి ధడేలుమంది. మేమందరం ఉలిక్కిపడ్డాం, ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

"తెగదు."

"ఏంటీ?"

"నీళ్ళలో అయితే తెగుతుంది. జెల్లీలో గడ్డ కట్టాక తెగదు. లారీలో వేసి ఊరంతా తిప్పినా తెగదు."

"ఈ సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"జెల్లీ పద్ధతి వచ్చినప్పటి నుంచి."

డైరెక్టర్ గారు తల వంచి తన బూట్ల వంక చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో "అమ్మ ముసలాయనా!" అన్నారు. ఇన్నేళ్ళ పెద్దరికం ఒక్క నిమిషంలో నవ్వులపాలైంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు.

"నా నోటి మాట మీద ఇక ఎలాగూ నమ్మకం ఉండదు. ఆ బిళ్ళలు తెప్పించండి."

అమ్మాయి చేసిన తమ్ముడి బిళ్ళలు, ఇంకా ఎంజైము వేయనివి, రెండు గొట్టాల్లో తెచ్చారు. ఒకటి బల్ల మీద ఉంచారు. రెండోదాన్ని మాస్టారు పిడికిట్లో పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. పళ్ళు బిగించారు. ఆ తర్వాత జరిగింది చూడటానికి రెండు కళ్ళూ చాల్లేదు. జన్మలో చెంచా తిప్పని మనిషి, కుదపడం ఎలాగో తెలియక, చెయ్యితో పాటు భుజం, భుజంతో పాటు తల, తలతో పాటు కళ్ళజోడు అన్నీ కలిపి ఊపేశారు. జుట్టు రేగింది. కళ్ళజోడు ఎగిరి డైరెక్టర్ గారి ఒళ్ళో పడింది.

"చాలు మాస్టారూ, మెల్లగా, మెల్లగా!" అన్నారు డైరెక్టర్ గారు కంగారుగా.

కొన్నాళ్ళకి ఆ బిళ్ళల్ని కోసి కరెంటు పెట్టిన పలక తయారైంది. కుదపని బిళ్ళ ఒక వరస, కుదిపిన బిళ్ళ దాని పక్కన. గీతకి గీత సరిపోయింది, ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. నీళ్ళలో తేల్చిన డీఎన్ఏని కూడా అలాగే కుదిపి మూడో వరసలో పెట్టారు, అది మాత్రం పొగలా అలుక్కుపోయింది. డైరెక్టర్ గారు ఆ పలక ఫొటో చూసి, "తమ్ముడు నిజంగానే చిన్నవాడు" అన్నారు. అమ్మాయి గడువు పొడిగించమని అక్కడికక్కడే చెప్పేశారు.

నేను తిన్నగా మాస్టారి గదికి వెళ్ళాను, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అంటే ఇన్నేళ్ళూ మమ్మల్ని ఊరికే ఏడిపించారన్నమాట!"

"అలవాటు చెల్లాయ్. జెల్లీ వచ్చాక మానేద్దామనే అనుకున్నాను. ఏమని చెప్పి మానను? సిగ్గేసింది. ఆఖరికి తెగించి, ఇక చెప్పేద్దామనుకున్న రోజున ఈ అమ్మాయి వచ్చింది."

"వస్తే?"

"గుమ్మంలో నిలబడి, చేతులు కనపడకుండా దాచుకుంది. మన కుర్రాళ్ళేమో టకటకా పని చేసేస్తారు. వాళ్ళ మధ్య ఆ చేతులు బయటికి వస్తాయా? అందరూ మెల్లగా చేస్తుంటే ఈ పిల్ల మెల్లదనం ఎవరి కంట పడుతుంది? నాకు చాదస్తుడని పేరు ఉండనే ఉంది. ఇంకో ఏడాది ఉంటే పోయిందేముంది?"

లేని గరిటెకి అన్ని తిట్లు ఎందుకు తిన్నానో అప్పుడర్థమైంది. కోపం రావాలి, రాలేదు సరికదా, ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"ఈ మాట ఆ పిల్లకి చెప్పకు" అన్నారు.

చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అమ్మాయి గుమ్మంలోనే ఉంది. ఎంతసేపయిందో తెలియదు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. రెండు చేతులతో ఫొటో ముందుకు చాపి పట్టుకుంది. కాగితం రెపరెపలాడుతోంది.

"మాస్టారూ, దీని మీద మీ సంతకం కావాలన్నారు డైరెక్టర్ గారు. బల్ల మీద పెట్టనా?"

"అక్కర్లేదమ్మా. అలాగే పట్టుకో."

ఆమె పట్టుకుంది, ఆయన పెట్టారు. సంతకం ఆ మూల నుంచి ఈ మూలకి ఎగిరి గంతులేసింది. బ్యాంకువాళ్ళయితే దాన్ని ఛస్తే ఒప్పుకోరు. డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు.